ఆరాంఘర్ దారిలో ఉక్కు చేప

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో బత్తాయి కొన్నవాళ్లు ఒక పని చేసి చూడవచ్చు. తొక్కను వీలైనంత పెద్ద ముక్కగా ఒలిచి, బల్ల మీద పరిచి, అరచేత్తో నొక్కాలి. అంచులు చిట్లుతాయి. ఎంత జాగ్రత్త పడినా చిట్లక మానవు. అదే తల పైకెత్తి షెడ్డు కప్పు చూస్తే, రేకు అలలు అలలుగా వంగి ఉంటుంది. అది ఫ్యాక్టరీలో చదునుగా పుట్టిన రేకే; ఎక్కడా చిట్లలేదు, సాగలేదు. రేకు ఒక్క దిక్కుకే వంగింది, బత్తాయి రెండు దిక్కులా వంగింది. గడ్డిఅన్నారం మార్కెట్ 2021-22లో ఈ షెడ్ల కిందికి తరలివచ్చినప్పుడు రేకుల కప్పు సరిపోయింది, ఎందుకంటే పండ్ల లారీలకు కావలసింది నీడ, చదునైన నేల, వెడల్పాటి దారి. కప్పు గుండ్రంగా ఉండాలని ఎవరూ అడగలేదు. కానీ ఇదే హైదరాబాద్‌లో, ఆఫీసు మొత్తం చేపలాగే ఉండాలని పట్టుబట్టి కట్టిన ప్రభుత్వ కార్యాలయం ఒకటుంది. బత్తాయి తొక్క పెట్టే చిక్కు అక్కడ అసలు చిక్కయింది.

బాటసింగారం నుంచి ఎల్బీనగర్ వచ్చి, ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని, చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ చౌరస్తా చేరి మెహిదీపట్నం వైపు తిరిగితే తలమీద పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మొదలవుతుంది. 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల ఈ వంతెన స్తంభాలకు వేసిన నంబర్లే ఆ దారిలో అందరికీ చిరునామాలు. దుకాణం బోర్డుల మీదా, ఆటోవాళ్ల నోటా పిల్లర్ నంబరే వినిపిస్తుంది. 235వ పిల్లరు దగ్గర రోడ్డు పక్కన వెండిరంగు చేప ఒకటి నేలకు కాస్త ఎత్తున తేలుతున్నట్టు ఉంటుంది. అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం. మండలి 2006లో ఏర్పడింది. కేంద్ర ప్రజాపనుల శాఖ కట్టిన ఈ భవనం 2012 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఆఫీసు అధికారిక చిరునామాలో కూడా ఫిష్ బిల్డింగ్ అనే ఉంటుంది, పిల్లర్ నంబరుతో సహా. ప్రభుత్వ కార్యాలయానికి జనం పెట్టుకునే పేరూ, కాగితం మీది పేరూ ఒక్కటే కావడం మన దగ్గర అరుదు.

తల ఒక కొసన, తోక ఒక కొసన, మధ్యలో నాలుగు అంతస్తులు. తలకు అటొకటి ఇటొకటి గుండ్రటి కళ్లు. ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు. మెట్లెక్కి లోపలికి పోయే చోట ఎండావానా తగలకుండా ఉన్న పందిరికి కూడా అదే ఉక్కు తొడిగి రెక్కలా మలిచారు. ఇది ఏ చేప అని అడిగితే సమాధానం లేదు. కైకలూరు రైతు వచ్చి చూసినా శీలావతి అనలేడు, బొచ్చె అనలేడు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను అసలే కాదు, దాని ఒళ్లు పొడుగ్గా, తల పాముతలలా ఉంటుంది. పేరు చెప్పకుండా చేప గీయమంటే పిల్లలు గీసే బొమ్మ ఉంటుందే, ఆ చేప ఇది. నాకు ఈ ఎంపిక సరైనదే అనిపిస్తుంది. దేశంలోని అన్ని చెరువులకూ సముద్రాలకూ సంబంధించిన సంస్థ ఏదో ఒక్క జాతినే పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

వస్తువు ఆకారంలో భవనం కట్టడం కొత్తది కాదు. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో బాతులు పెంచే మార్టిన్ మౌరర్ అనే రైతు 1931లో బాతులూ గుడ్లూ అమ్ముకోవడానికి దాదాపు 20 అడుగుల ఎత్తున బాతు ఆకారంలోనే కొట్టు కట్టించాడు. లోపల చెక్క చట్రం, పైన ఇనుప వల మీద పూసిన సిమెంటు, కళ్లకు పాత ఫోర్డు కారు వెనక దీపాలు. రాబర్ట్ వెంచురీ, డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనోర్ అనే ముగ్గురు 1972లో రాసిన 'లెర్నింగ్ ఫ్రమ్ లాస్ వేగాస్' పుస్తకంలో ఈ బాతును అడ్డం పెట్టుకుని భవనాలను రెండుగా విడదీశారు. ఆకారమే చెప్పదలచుకున్నది చెప్పేసే భవనం ఒక రకం; దానికి బాతు అనే పేరు పెట్టారు. మామూలు షెడ్డు కట్టి ముందు బోర్డో అలంకారమో తగిలించేది రెండో రకం. రెండో రకానికి ఉదాహరణ కావాలంటే బాటసింగారం పక్కనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. సినిమా సెట్టులో రోడ్డు వైపు మేడ ఉంటుంది, వెనక్కి వెళ్తే చట్రాలూ ఆధారాలూ ఉంటాయి. కెమెరా చూసేది ముఖాన్నే కాబట్టి ముఖం చాలు. చేప భవనానికి ఆ వెసులుబాటు లేదు. వంతెన మీద పోయే కారుకు వీపు కనిపిస్తుంది, కింద రోడ్డు మీద నిలబడ్డవాడికి పొట్ట కనిపిస్తుంది, ఆఫీసుకు వచ్చినవాడికి పక్కలు కనిపిస్తాయి. ఎటు నుంచి చూసినా చేప చేపలాగే ఉండి తీరాలి. శిల్పికుండే కట్టుబాటు ఇది. ఇంజనీరు దీన్ని మామూలుగా మెడకు తగిలించుకోడు.

హైదరాబాద్ చేపకు స్ఫూర్తిగా చెప్పేది బార్సిలోనా సముద్రతీరంలో వాస్తుశిల్పి ఫ్రాంక్ గెరీ నిలబెట్టిన చేప. 1992 ఒలింపిక్స్‌కు కట్టిన ఆ చేప పొడవు దాదాపు 56 మీటర్లు, ఎత్తు 35 మీటర్లు. బంగారు ఛాయ ఉన్న ఉక్కు పట్టీల అల్లిక అది. గోడలు లేవు, అంతస్తులు లేవు, నీడ మాత్రం ఇస్తుంది. గెరీ చిన్నప్పుడు టొరంటోలో వాళ్ల అమ్మమ్మ బజారు నుంచి బతికున్న చేపను తెచ్చి స్నానాల తొట్టిలో వదిలేదట. వండే రోజు వరకూ అది అందులో తిరుగుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. బార్సిలోనా చేప ఒంటి వంపులను కాగితం మీద సాధారణ పద్ధతుల్లో గీసి ఉక్కు పని చేసే కంపెనీకి పంపడం సాధ్యం కాలేదు. ఏ పట్టీ ఎక్కడ ఎంత వంగాలో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు గెరీ కార్యాలయం ఫ్రాన్స్‌లో యుద్ధవిమానాలు తయారు చేసే దాసో సంస్థ అభివృద్ధి చేసిన కాటియా అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకుంది. విమానం రెక్క వంపును అణువణువూ లెక్కగట్టే ఆ పనిముట్టు చేప వంపుకూ పనికొచ్చింది. ఆ తర్వాత అయిదేళ్లకు, 1997లో తెరిచిన బిల్బావో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కూడా అదే దారిలో వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా మెలికలు తిరిగే భవనాల వెనక ఆ బార్సిలోనా చేప ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంతకీ చిక్కు ఎక్కడ? బత్తాయి తొక్క ఎందుకు చదునుగా పరచుకోదో 1827లో జర్మన్ గణితవేత్త గాస్ నిరూపించాడు. ఉపరితలం మీద ఏ బిందువు దగ్గరైనా అది ఎక్కువలో ఎక్కువగా ఎంత వంగింది, తక్కువలో తక్కువగా ఎంత వంగింది అని రెండు కొలతలు తీయవచ్చు. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే సంఖ్య, ఉపరితలాన్ని సాగదీయకుండా చింపకుండా ఎన్ని రకాలుగా వంచినా మారదు. చదును రేకుకు అది సున్నా. రేకును గొట్టంలా చుట్టినా సున్నాయే, ఎందుకంటే పొడవు దిక్కున వంపు లేదు. సున్నాతో దేన్ని గుణించినా సున్నా. బత్తాయికి అది సున్నా కాదు. అందుకే బత్తాయి చదును కాదు, రేకు బత్తాయి కాదు. భూమి పటాలన్నీ ఎక్కడో ఒకచోట అబద్ధం చెప్పక తప్పనిదీ ఇందుకే.

చేప ఒంట్లో ఈ లెక్క ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. పొట్ట దగ్గర నిలువునా వంపు, పొడవునా వంపు, రెండూ ఒకే వైపుకు. తోక మొదలయ్యే సన్నటి నడుం దగ్గరకు వచ్చేసరికి ఒళ్లు చుట్టూ లోపలికి వంగుతుంది, పొడవు దిక్కున మాత్రం బయటికి విచ్చుకుంటుంది. అక్కడ రెండు వంపులూ ఎదురెదురు దిక్కులకు పోతాయి, గుర్రం జీను మీద లాగ. పొట్ట మీద పెట్టిన రేకుకు అంచుల్లో కొలత మిగిలిపోయి ముడతలు పడతాయి. తోక దగ్గర పెట్టిన రేకుకు అంచుల్లో కొలత చాలదు. ఒకే భవనంలో రెండు విరుద్ధమైన ఇబ్బందులు. చేప భవనం చూడ్డానికి వెళ్లేవాళ్లు కళ్ల దగ్గర ఆగిపోకుండా తోక మొదలు దాకా నడిచి చూడాలని నా కోరిక. కష్టమంతా అక్కడుంది.

దీనికి మనుషులు కనిపెట్టిన పాత మార్గం చిన్న ముక్కలు వాడడం. కోరింగ, తాళ్లరేవుల్లో చెక్క ఓడలు కట్టినవాళ్లు వెడల్పు పలకలు కాక సన్నటి పొడుగాటి పలకలు ఎంచుకునేది ఇందుకే. ముక్క సన్నబడేకొద్దీ అది ఒక్క దిక్కుకు వంగితే సరిపోతుంది, రెండో దిక్కు వంపు పలకకూ పలకకూ మధ్య కోణాల్లో పంచుకుపోతుంది. చేప చేసేదీ అదే. ఒకే గట్టి కవచం ఒళ్లంతా కప్పితే అది తోక ఊపలేదు. పొలుసులు విడివిడిగా ఉండి, ఒకదాని కింద ఒకటి దూరి, తలవైపు అంటుకుని తోకవైపు వదులుగా ఉంటాయి. వంగినప్పుడు ఒకవైపు పొలుసులు దగ్గరపడతాయి, రెండోవైపు జారుకుంటాయి. భవనానికి పలకలు అమర్చినప్పుడు శిల్పసౌందర్యం కోసం పొలుసులు పెట్టారని చూసేవాళ్లు అనుకోవచ్చు. నిజానికి పొలుసులు లేకుండా అంత ఒంటిని చదును ఉక్కుతో కప్పే చవకైన దారి లేదు. చేపకు పొలుసులెందుకో, ఈ భవనానికీ దాదాపు అందుకే.

అయితే ఈ చేప నీళ్లలో లేదు. అక్కడి నుంచి పోలిక తప్పుతుంది.

నీళ్లలో చేపకు తన బరువు తెలియదు. శరీరం ఎంత నీటిని పక్కకు తోస్తుందో అంత బరువును నీరే మోస్తుంది; కడుపులోని గాలితిత్తిని కాస్త నింపుకునో, కాస్త వదులుకునో చాలా చేపలు కోరిన లోతున నిలబడగలవు. వాటి వెన్నెముక ఈత కండరాలకు పట్టుగా ఉంటే చాలు, శరీరాన్ని నిలబెట్టనక్కర్లేదు. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు పలచన, దాని మీద ఆనుకోవడానికేమీ ఉండదు. కాబట్టి ఉక్కు చేప లోపల మామూలు భవనం ఒకటి ఉండాలి. నేల పలకలు, దూలాలు, స్తంభాలు, పునాది. బయట కనిపించే చేప దానికి తొడిగిన చొక్కా. తల కొస, తోక కొస స్తంభాలు దాటి గాల్లోకి సాగే చోట ఆ చొక్కా మోసే చట్రానికి అదనపు బలం కావాలి. గుండ్రటి ఒంట్లో చదును అంతస్తులు వేసినప్పుడు మరో తిప్పలు. మధ్య అంతస్తు వెడల్పు, పై అంతస్తు ఇరుకు. గోడ ఏటవాలుగా ఉన్న చోట బీరువా ఆనించలేం, మూలలో మనిషి నిటారుగా నిలబడలేడు. ఈ రకం భవనాలను తప్పుపట్టే వాస్తుశిల్పులు వేలు పెట్టి చూపేది ఇక్కడే. వాళ్ల మాటలో నిజముంది. కానీ పెట్టెలాంటి గదుల్లో ఎంత చోటు వృథా అవుతుందో ఎవరూ కొలవరు. వంపుగోడ పక్కన పోయిన చోటే అందరి కంటికీ కనిపిస్తుంది.

నీళ్లలో చేపకు లేని ఇంకో శత్రువు ఎండ. స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 17 వంతులు సాగుతుంది. చదివితే ఏమీ అనిపించదు. జనవరి తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ ఉక్కు ఉపరితలంలో 50 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, మీటరు పలక 0.85 మిల్లీమీటరు పెరుగుతుంది. 30 మీటర్ల పొడవున పలకలన్నీ కలిపి అతికేస్తే 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం. లోపలి కాంక్రీటు నీడలో ఉంటుంది, పైగా దాని సాగుడు తక్కువ. రెంటినీ బిగించి కట్టేస్తే ఉక్కు ఉబ్బుతుంది, లేదా మేకులు తెగుతాయి. విడివిడి పలకలకు మధ్యలో సన్నటి సందు ఉంచితే ఆ అంగుళం ఎవరికీ కనిపించకుండా ఎక్కడికక్కడ సర్దుకుంటుంది. పొలుసుల వల్ల ఇది రెండో లాభం.

మెరిసే లోహం ఎండను తిప్పికొడుతుంది కాబట్టి చల్లగా ఉంటుందని అనుకుంటాం. అది సగమే నిజం. మెరుగుపెట్టిన ఉక్కు ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది, కానీ మింగిన వేడిని మళ్లీ కిరణాలుగా బయటికి వదలడంలో మహా పిసినారి. సున్నం వేసిన గోడ మింగేదీ తక్కువే, మింగింది వదిలేయడమూ త్వరగానే. అందుకే ఎండలో సున్నపు గోడ మీద చెయ్యి పెట్టగలం, మెరుగు ఉక్కు మీద పెట్టలేం. ఉక్కు తొడుగున్న ఏ భవనానికైనా తొడుగుకూ గోడకూ మధ్య ఖాళీ, వేడి ఆపే పొర తప్పనిసరి. తొడుగు గొడుగులా పనిచేయాలి, పెనంలా కాదు.

ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే అద్దంలాంటి భవనం పెడితే డ్రైవర్ల కళ్లు చెదరవా అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. 2013లో లండన్‌లోని ఫెన్‌చర్చ్ వీధిలో లోపలికి వంగిన అద్దాల భవనం ఒకటి సూర్యకాంతిని వీధిలో ఒకచోట పోగుచేసింది. అక్కడ నిలిపిన కారు భాగాలు కరిగాయి. లోపలికి వంగిన అద్దం కాంతిని కూడేస్తుంది, బయటికి ఉబ్బిన అద్దం చెదరగొడుతుంది. చేప పొట్ట ఉబ్బెత్తు. దాని మీద పడిన ఎండ అన్ని వైపులకూ చెల్లాచెదురై పోతుంది. చిన్న పలకలు కావడంతో ఒక్కోటి ఒక్కో కోణంలో తళుక్కుమంటుంది. రాత్రి నీలం లైట్లు వేసినప్పుడు అందం వచ్చేదీ అక్కడి నుంచే. ఉక్కుకు సొంత రంగు పెద్దగా లేదు కాబట్టి పడిన రంగునే ఒంటికి పూసుకుంటుంది. నిజం చేప వెండిలా మెరిసేది లోహం ఉండి కాదు. చర్మంలో గ్వానీన్ అనే పదార్థపు పలచటి స్ఫటికాలు పొరలు పొరలుగా ఉండి వెలుగును తిప్పికొడతాయి. వెండి లేకుండా వెండి మెరుపు.

చేపకు నీటి దెబ్బ తగలకుండా జిగురు పూత ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకూ పూత ఉంది, కంటికి కనిపించదు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే గాలిలోని ఆక్సిజన్‌తో చేరి కొన్ని నానోమీటర్ల మందాన పొర కడుతుంది. గీత పడితే కొత్త పొర దానంతటదే పుడుతుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఈ రకం ఉక్కును తయారుచేసినప్పటి నుంచి మన వంటింటి గిన్నెల దాకా నడుస్తున్న సంగతి ఇదే. అయితే పొర మీద ఇనుప రజను పడి అంటుకుంటే, మట్టి పేరుకుని కిందకి గాలి ఆడకపోతే మచ్చలు పడతాయి. పెద్ద రోడ్డు పక్కన ఇవి రెండూ పుష్కలం. వాన వీపును కడుగుతుంది, పొట్ట కిందిభాగాన్ని కడగదు. అక్కడ మనిషి చెయ్యి పడాల్సిందే.

చేప భవనం ప్రారంభమైన పదకొండేళ్ల తర్వాత ఇదే నగరంలో బత్తాయి తొక్క చిక్కును పూర్తిగా ఎదురు దిక్కు నుంచి పట్టుకున్నారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయానికి ఎదురుగా, 2023 జూన్ 22న ప్రారంభమైన తెలంగాణ అమరవీరుల స్మారకం ప్రమిద ఆకారంలో ఉంటుంది. పైన బంగారు రంగు జ్వాల. శిల్పి ఎం.వి. రమణారెడ్డి రూపకల్పన. ఇదీ భవనమే, లోపల మ్యూజియం, చిన్న థియేటర్, సమావేశ మందిరం, వాహనాలు నిలిపే అంతస్తులు ఉన్నాయి. ఈ ప్రమిదకు పొలుసులు లేవు, అతుకు కూడా కనిపించదు. ఈ పద్ధతికి ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ షికాగోలో అనీశ్ కపూర్ చేసిన 'క్లౌడ్ గేట్' శిల్పం. 168 ఉక్కు పలకలను ఒక్కోదాన్నీ రెండు దిక్కులా సాగదీసి వంచి, అంచులు వెల్డింగ్ చేసి, వెల్డింగ్ గీత మాయమయ్యేదాకా సానబట్టారు. గాస్ సిద్ధాంతాన్ని దాటలేరు. అందుకని లోహాన్ని నిజంగానే సాగదీశారు. ఎండకు మొత్తం తొడుగు ఒక్కటిగా పెరుగుతుంది కాబట్టి దాన్ని లోపలి చట్రానికి గట్టిగా బిగించలేదు, కదిలే వీలుంచారు.

ప్రమిదకు అతుకు కనిపించకూడదు. అమరులకు వెలిగించిన దీపం మీద అతుకుల గీతలుంటే మనసు ఒప్పుకోదు. ఆ శ్రమా ఖర్చూ అక్కడ సార్థకం. చేపకు అతుకులు కనిపించాలి, అవి లేకపోతే అది చేప కాదు. రెండు భవనాలూ రెండు పద్ధతులను సరిగ్గా ఎంచుకున్నాయని నా నమ్మకం.

ఆకారానికి కట్టుబడిన భవనాలకు అసలు పరీక్ష తర్వాత వస్తుంది. అమెరికాలోని ఒహాయోలో లాంగబర్గర్ అనే బుట్టల కంపెనీ 1997లో ఏడంతస్తుల బుట్టలాంటి కార్యాలయం కట్టుకుంది. చలికాలంలో మంచు గడ్డకట్టి కింద పడకుండా బుట్ట పిడులకు వేడి అందించే ఏర్పాటు కూడా చేశారు. కంపెనీ కష్టాల్లో పడి 2016లో ఉద్యోగులను ఖాళీ చేయించింది. బుట్టలో బుట్టల కంపెనీ కాక ఇంకెవరుంటారు అన్న ప్రశ్న మిగిలింది. ఆరాంఘర్ దారి చేపలో ఇంకా చేపల పనే జరుగుతోంది.

ఇక హైదరాబాద్‌లోని ఈ రెండు భవనాలను కాపాడుకునే పని. చేప ఒంటి మీద ఒక పలక సొట్టపడితే ఆ ఒక్క పలకను విప్పి, కొలత తీసి, కొత్తది చేయించి బిగిస్తే సరిపోతుంది, పక్కనున్నవాటిని ముట్టుకోనక్కర్లేదు. ప్రమిద మీద సొట్టపడితే ఆ మేర కోసి, అదే వంపుకు సాగదీసిన ముక్క పెట్టి, వెల్డింగ్ చేసి, చుట్టుపక్కలతో కలిసిపోయేదాకా సానబట్టాలి. మొదటి పనికి నిచ్చెన, మంచి ఫిట్టరు చాలు. రెండోదానికి శిల్పం తెలిసిన చెయ్యి కావాలి, అలాంటి చేతులను నగరం ఇప్పటి నుంచే తయారు చేసుకోవాలి.